కళ్లు పచ్చగా లేకున్నా దురద ఆగట్లేదా? బైల్ ఆసిడ్ల లెక్క చూసుకునే పద్ధతి

కోడి కాలేజా కడిగేటప్పుడు దానికి అంటుకుని ఉండే ముదురు ఆకుపచ్చ తిత్తిని ఎంత జాగ్రత్తగా కోసి తీయాలో వంట చేసేవాళ్లందరికీ తెలుసు. అది చిట్లి ఒక్క చుక్క పడ్డా ఆ ముక్క చేదైపోతుంది, ఎంత కడిగినా పోదు. ఆ తిత్తిలో ఉండేదే పైత్యరసం. మన దిక్కు పసరు అంటాం. అందులో రంగు ఒకరిది, చేదు ఇంకొకరిది. రంగు బిలిరుబిన్ జాతి వర్ణకాలది. చేదు బైల్ ఆసిడ్లది. రెండూ ఒకే గొట్టంలో పారుతాయి గానీ రెండూ ఒకటి కావు.

వరంగల్, హన్మకొండ, జనగామ, ములుగు, ఎక్కడైనా సరే, కామెర్ల పరీక్ష అనగానే చూసేది బిలిరుబిన్‌నే. అది మామూలుగా వస్తే "కామెర్లు లేవు, ఇంటికి పొండి" అంటారు. బిలిరుబిన్ మామూలుగా ఉండి, బైల్ ఆసిడ్లు నాలుగైదు రెట్లు పెరిగి ఉండటం సాధ్యమే. కడుపుతో ఉన్న ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనబడుతుంది, అక్కడే దీన్ని పట్టించుకోకపోతే నష్టం కూడా ఎక్కువ. అందుకే ఏ లక్షణానికి ఏ పరీక్ష అడగాలి, శాంపిల్ ఎట్లా ఇవ్వాలి, వచ్చిన అంకెను ఎట్లా చదవాలి, మందు ఎట్లా వేసుకోవాలి అన్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఈ తిరుగుడు అర్థం కావాలి

కాలేయం కొలెస్టరాల్‌ను మార్చి రోజుకు సుమారు అర గ్రాము బైల్ ఆసిడ్లు కొత్తగా చేస్తుంది. ఒంట్లో మొత్తం నిల్వ 2 నుంచి 4 గ్రాములు మాత్రమే. ఇంత కొంచెంతోనే రోజంతా తిన్న నూనె, నెయ్యి, తునకల కొవ్వు ఎట్లా అరుగుతుంది? కాజీపేట, హన్మకొండ, వరంగల్ నడుమ పొద్దంతా అవే బస్సులు తిరిగినట్టు, అవే ఆసిడ్లు రోజుకు ఆరు నుంచి పది సార్లు తిరుగుతాయి. కాలేయం నుంచి పేగులోకి వస్తాయి, కొవ్వును అరిగిస్తాయి, చిన్నపేగు చివరి భాగమైన ఇలియంలో మళ్లీ రక్తంలోకి ఎక్కి కాలేయానికి చేరతాయి. 95 శాతం ఇట్లా తిరిగొస్తాయి. మలంలో పోయిన మిగతా 5 శాతానికి సరిపడానే కాలేయం కొత్తవి చేస్తుంది.

చేసే పని కుంకుడు రసం పనే. నూనె పెట్టిన తలను కుంకుడు ఎట్లా వదిలిస్తుందో అట్లా, ఒక కొసతో కొవ్వును, ఇంకో కొసతో నీటిని పట్టుకుని కొవ్వును సన్నని తునియలు చేస్తాయి. కానీ తలకు మేలు చేసే కుంకుడే కంట్లో పడితే మండుతుంది. బైల్ ఆసిడ్లూ అంతే. పేగులో ఉన్నంతసేపు మందు. దారి మూసుకుపోయి కాలేయంలో నిలిచినా, రక్తంలోకి ఎక్కినా, ఇలియం దాటి పెద్దపేగులోకి జారినా అదే సబ్బు గుణం కణాలను కొరుకుతుంది. రోగం ఏదన్నది ఈ తిరుగుడు ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టే ఉంటుంది.

రకాల సంగతి క్లుప్తంగా. కాలేయం చేసేవి రెండు: కోలిక్ ఆసిడ్, కీనోడిఆక్సీకోలిక్ ఆసిడ్. వీటికి గ్లైసిన్ గానీ టారిన్ గానీ తగిలించి పంపుతుంది. గ్లైసిన్‌వి మూడు పాళ్లయితే టారిన్‌వి ఒక పాలు. పెద్దపేగులో బ్యాక్టీరియా వీటిని డిఆక్సీకోలిక్, లిథోకోలిక్ ఆసిడ్లుగా మారుస్తుంది. వీటిలో లిథోకోలిక్ విషపు గుణం ఎక్కువున్నది, అయితే ఒంట్లో ఉండేది అతి కొద్ది. అర్సోడిఆక్సీకోలిక్ ఆసిడ్ అనే మెత్తని రకం కూడా మనిషిలో నాలుగైదు శాతం లోపే ఉంటుంది. దాన్నే గోలీగా ఇస్తారు. కొరికే ఆసిడ్ల వాటా తగ్గి మెత్తనిదాని వాటా పెరగాలన్నది దాని ఉద్దేశం.

కడుపుతో ఉన్నప్పుడు అరచేతుల దురద

ఏడో నెల దాటాక, ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది నెలల్లో, రక్తంలో బైల్ ఆసిడ్లు పెరిగితే అరచేతులు, అరికాళ్లు దురద పెడతాయి. రాత్రి పడుకుంటే పెరుగుతుంది. చర్మం మీద దద్దులు, పొక్కులు ఉండవు, గోకిన గీతలు మాత్రమే ఉంటాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఇది "ఎండకు వచ్చిన చెమటకాయలు" అన్న మాటలో కొట్టుకుపోతుంది. చెమటకాయలు మెడ, వీపు, చంకల దగ్గర సన్నని పొక్కులుగా వస్తాయి, అరికాళ్లకు రావు. గజ్జి అయితే వేళ్ల సందుల్లో పొక్కులుంటాయి, ఇంట్లో ఇంకొకరికీ దురద ఉంటుంది. పొట్ట మీద చారల్లో మొదలై ఎర్రగా దద్దులు లేస్తే అది వేరే చర్మపు సమస్య, బిడ్డకు ప్రమాదం లేనిది.

దద్దు లేని దురద కనబడితే ఆ వారంలోనే, వీలైతే మరుసటి రోజే దవాఖానకు పోవాలి. వరంగల్‌లో సీకేఎం ప్రసూతి దవాఖాన, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి దవాఖాన ఉన్నాయి. ఊళ్లో అయితే ముందు ఏఎన్ఎంకు చెప్పి, తల్లీబిడ్డల కార్డు మీద "దద్దు లేని దురద, అరచేతులు, అరికాళ్లు, ఫలానా తారీఖు నుంచి" అని రాయించండి. ఆ ఒక్క వాక్యం చూస్తే డాక్టర్ ఆలోచన సరైన దారిలో పడుతుంది.

అడగాల్సినవి రెండు పరీక్షలు. ఒకటి లివర్ ఫంక్షన్ టెస్ట్. రెండోది టోటల్ బైల్ ఆసిడ్స్. ఇది మామూలు లివర్ టెస్ట్‌లో భాగం కాదు, విడిగా రాయించుకోవాలి. చాలామంది దగ్గర జరిగే పొరపాటు ఇదే: లివర్ టెస్ట్ చేయించి, అందులో అన్నీ ఉన్నాయనుకుంటారు. ఇంకో పొరపాటు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువుందని భయపడటం. నెలలు నిండే కొద్దీ మావి నుంచి అది ఎట్లాగూ పెరుగుతుంది, దాన్ని బట్టి ఏమీ తేలదు. చూడాల్సింది ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, అంటే కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు. వీటితో పాటు హెపటైటిస్ బి, సి పరీక్షలు, బీపీ తప్పనిసరిగా చూడాలి. జ్వరం, వాంతులు ఉండి కళ్లు పచ్చబడితే హెపటైటిస్ ఈ కూడా చూడాలి. కలుషితమైన నీళ్లతో వచ్చే ఈ కామెర్లు కడుపుతో ఉన్నవాళ్లకు ప్రాణాంతకం కావచ్చు.

శాంపిల్, అంకె, వారాలు

భోజనం చేశాక పిత్తాశయం, అంటే పసరు తిత్తి, ముడుచుకుంటుంది, బైల్ ఆసిడ్లు పేగులోకి వచ్చి తిరిగి రక్తంలోకి ఎక్కుతాయి. అందుకే తిన్న తర్వాత అంకె పెరుగుతుంది. దురద కోసం చేసే పరీక్షకు పరగడుపు అవసరం లేదు. బిడ్డకు ముప్పును లెక్కగట్టేది ఎక్కువకు ఎక్కువ ఎంత చేరిందన్న దాని మీదే. కానీ మొదటిసారి తిని ఇచ్చి, రెండోసారి పరగడుపున ఇచ్చి, "తగ్గింది" అనుకోవద్దు. ఒకే ల్యాబ్, ఒకే పద్ధతి పాటించండి. అక్కడే చేస్తారా, హైదరాబాద్ పంపుతారా, రిపోర్ట్ ఎన్ని రోజులకు వస్తుందో డబ్బు కట్టకముందే అడగండి. ఎస్‌జీపీటీ సాధారణంగా అదే రోజు వస్తుంది. దాన్ని చూపించడానికి బైల్ ఆసిడ్ల రిపోర్ట్ వచ్చేదాకా ఆగొద్దు.

అంకె లీటరుకు మైక్రోమోల్స్‌లో ఉంటుంది. తిన్నాక ఇచ్చిన శాంపిల్‌లో 19 కంటే తక్కువుంటే ఇప్పటికి మామూలే. 19 నుంచి 39 వరకు తక్కువ స్థాయి, 40 నుంచి 99 మధ్యస్థం, 100 లేదా అంతకు మించితే తీవ్రం. ఈ గీతలు ఊరికే గీసినవి కావు. 2019లో అనేక దేశాల గర్భిణుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణలో, ఒకే బిడ్డ ఉన్న గర్భాల్లో కడుపులోనే బిడ్డ చనిపోవడం 40 లోపు 0.13 శాతం, 40 నుంచి 99 మధ్య 0.28 శాతం, 100 దాటితే 3.44 శాతంగా తేలింది. అంటే భయం మొదలవ్వాల్సింది 100 దగ్గర. 25 వచ్చిందని ఇల్లంతా ఏడవాల్సిన పని లేదు, 110 వచ్చిందంటే మాత్రం ఒక్క రోజు ఆగొద్దు.

కాన్పు ఎప్పుడన్నదీ ఈ అంకెను బట్టే. బ్రిటన్ ప్రసూతి నిపుణుల మార్గదర్శకం ప్రకారం 100 దాటితే 35–36 వారాలకు, మధ్యస్థమైతే 38–39 వారాలకు, తక్కువ స్థాయి అయితే 40 వారాల లోపు. కవలలున్నా, బీపీ, షుగర్ ఉన్నా డాక్టర్ ఇంకా ముందుకు జరుపుతారు. బిడ్డ గుండె చప్పుడు గ్రాఫ్ ఈ రోజు బాగుందంటే ఈ రోజుకే బాగున్నట్టు. రేపటికి అది భరోసా ఇవ్వలేదు. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే అర్ధరాత్రయినా బయలుదేరాలి.

మొదటి పరీక్ష మామూలుగా వచ్చి దురద ఆగకపోతే? వారం, రెండు వారాల్లో మళ్లీ చేయించాలి. దురద ముందు వచ్చి, అంకె వెనక పెరగడం ఈ జబ్బులో మామూలు. దురద ఎంత ఎక్కువుంటే అంకె అంత ఎక్కువన్న నియమం కూడా లేదు. కొంచెం గోక్కునే ఆమెకు 120 ఉండొచ్చు, రాత్రంతా నిద్ర లేని ఆమెకు 22 ఉండొచ్చు.

అర్సోడిఆక్సీకోలిక్ ఆసిడ్ గోలీలు మన దగ్గర 150, 300 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. కొందరికి దురద కొంచెం తగ్గుతుంది. బిడ్డకు ముప్పు తగ్గించిందని 2019లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద ట్రయల్‌లో రుజువు కాలేదు. కాబట్టి గోలీలు వేసుకుంటున్నాం కదా అని కాన్పు తేదీ వాయిదా వేయకూడదు. ఇంకో చిక్కు ఉంది, చాలామంది దీన్ని చూడరు: ల్యాబ్‌లో చేసే ఎంజైమ్ పరీక్ష అన్ని బైల్ ఆసిడ్లనూ కలిపి లెక్కిస్తుంది, మీరు మింగిన గోలీలోని ఆసిడ్ కూడా అందులో చేరిపోతుంది. అందుకే గోలీలు మొదలుపెట్టక ముందే ఒక శాంపిల్ ఇవ్వాలి. తర్వాతి ప్రతి శాంపిల్ ఫారం మీద "అర్సోడిఆక్సీకోలిక్ వాడుతున్నారు, ఇన్ని మిల్లీగ్రాములు" అని రాయించాలి.

మత్తు వచ్చే అలర్జీ గోలీలు నిద్రకు పనికొస్తాయి గానీ ఈ దురదను ఆపవు. పల్చని కాటన్ బట్టలు, చల్లని నీళ్లతో తడి గుడ్డ, మెంథాల్ ఉన్న లోషన్ కాస్త ఊరట. మలం జిడ్డుగా, తెల్లగా పోతుంటే విటమిన్ కే గురించి అడగండి, ఎందుకంటే బైల్ ఆసిడ్లు పేగులోకి చేరకపోతే ఆ విటమిన్ ఒంటికి పట్టదు, కాన్పులో రక్తం ఆగదు.

ఇక కామెర్లకని పోసే ఆకు పసరు మందు, ముంజేతి మీద కాల్చడం. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయాలని కాదు, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఏ ఆకు ఎంత పోశారో తెలియని రసం తాగితే కాలేయానికి రెండో దెబ్బ తగులుతుంది. వాటి కోసం పోయే వారం రోజులు ఈ జబ్బులో చాలా విలువైనవి.

కాన్పు అయ్యాక కొద్ది రోజుల్లో దురద పోవాలి. నాలుగు వారాలు దాటాక మళ్లీ లివర్ టెస్ట్, బైల్ ఆసిడ్లు చేయించి మామూలుకు వచ్చాయని చూసుకోవాలి. రాకపోతే అది గర్భం వల్ల వచ్చినది మాత్రమే కాదు, వేరే కాలేయ జబ్బు వెతకాలి. తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ రిపోర్ట్ దాచిపెట్టండి. పిల్లలు కాకుండా ఈస్ట్రోజెన్ ఉన్న గోలీలు వాడాలనుకుంటే ఈ సంగతి ముందు చెప్పాలి.

రాళ్లు

పైత్యరసంలో కొలెస్టరాల్ కరిగి ఉండేది బైల్ ఆసిడ్లు, లెసిథిన్ అనే కొవ్వు పదార్థం వల్ల. కొలెస్టరాల్ పెరిగినా, బైల్ ఆసిడ్లు తగ్గినా అది గడ్డకట్టి రాయి అవుతుంది. త్వరగా బరువు తగ్గాలని కడుపు మాడ్చుకునే వాళ్లకు రాళ్లు వస్తాయి, ఎందుకంటే కొవ్వు తినకపోతే పిత్తాశయం ముడుచుకోదు, పసరు అక్కడే నిల్వ ఉండి చిక్కబడుతుంది. వారానికి కిలోన్నర కంటే వేగంగా తగ్గకండి, రోజులో ఒక పూటైనా కొంచెం నూనె ఉన్న కూర తినండి. రాళ్లు కరిగే గోలీ అంటూ అర్సోడిఆక్సీకోలిక్‌ను నెలల తరబడి మింగేవాళ్లు ఉన్నారు. అది చిన్న, సున్నం పట్టని కొలెస్టరాల్ రాళ్లకే, పిత్తాశయం పనిచేస్తేనే ఉపయోగం. నల్లని వర్ణక రాళ్లు దానికి కరగవు. రాయితో పాటు జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం కలిస్తే గోలీల మాట వదిలేసి వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానకు పోవాలి.

పిత్తాశయం తీశాక, పేగు కోశాక ఆగని విరేచనాలు

పిత్తాశయం తీసేస్తే పసరు దాచుకునే తిత్తి ఉండదు, కాలేయం నుంచి నేరుగా బొట్లు బొట్లుగా పేగులోకి కారుతూనే ఉంటుంది. చాలామందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం పొద్దున లేవగానే, ఏదైనా తినగానే, పసుపు పచ్చని నీళ్ల విరేచనం, ఆపుకోలేనంత తొందర. దానికి కారణం పెద్దపేగులోకి జారిన బైల్ ఆసిడ్లు అక్కడి గోడల నుంచి నీటిని బయటికి లాగడం.

ఇలియం కోయించుకున్న వాళ్ల సంగతి ఇంకా గట్టిది. మన దగ్గర పేగు టీబీకి, టైఫాయిడ్‌తో పేగు చిల్లు పడటానికి ఈ ఆపరేషన్ జరుగుతుంది. ఆసిడ్లను వెనక్కి ఎక్కించుకునే చోటే పోయింది. మామూలుగా ఇలియం ఆసిడ్లు అందగానే ఎఫ్‌జీఎఫ్ 19 అనే సంకేతం పంపి "చాలు, ఇక చేయకు" అని కాలేయానికి చెబుతుంది. ఆ కబురు అందక కాలేయం ఇంకా ఇంకా చేస్తుంది, అవి ఇంకా జారుతాయి.

డిశ్చార్జ్ కాగితంలో ఎన్ని సెంటీమీటర్ల పేగు తీశారో చూడండి. లేకపోతే సర్జన్‌ను అడిగి రాయించుకోండి. సుమారు 100 సెంటీమీటర్ల లోపు అయితే కాలేయం కొత్తవి చేసి లోటు పూడ్చగలుగుతుంది, నీళ్ల విరేచనాలే వస్తాయి, బైల్ ఆసిడ్లను బంధించే కొలెస్టిరమిన్ పొడి బాగా పనిచేస్తుంది. 100 దాటితే కాలేయం ఎంత చేసినా నిల్వ తరిగిపోతుంది, కొవ్వు అరగదు, మలం తేలుతూ జిడ్డుగా, వాసనగా పోతుంది. వాళ్లకు ఈ పొడి ఇస్తే ఉన్న కాస్త ఆసిడ్లూ పోయి జిడ్డు విరేచనం ఇంకా పెరుగుతుంది. వాళ్లకు నూనె తగ్గించడం, విటమిన్లు ఇవ్వడమే దారి. విటమిన్ బి12 పట్టేదీ ఇలియంలోనే కాబట్టి ఇద్దరికీ బి12 పరీక్ష అవసరం.

పొడి మొదలుపెట్టే ముందు వేరే కారణాలు లేవని డాక్టర్ చూడాలి: రక్తం పడటం, జ్వరం, బరువు తగ్గడం, థైరాయిడ్, ముఖ్యంగా షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్. ఒక్క మెట్‌ఫార్మిన్ మార్చగానే విరేచనాలు ఆగినవాళ్లు ఎందరో.

సాధారణంగా 4 గ్రాముల మోతాదు రోజుకు ఒకసారి, భోజనానికి ముందు. పొడిని నోట్లో వేసుకుని నీళ్లు తాగొద్దు, గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. 150 మిల్లీలీటర్ల నీళ్ల మీద పొడి చల్లి, ఒకటి రెండు నిమిషాలు నానబెట్టి, బాగా కలిపి తాగాలి. అడుగున మిగిలిన దాంట్లో ఇంకొన్ని నీళ్లు పోసి అదీ తాగాలి. మిగతా మందులన్నీ దీనికి గంట ముందు గానీ, 4 నుంచి 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి, లేకపోతే వాటినీ ఈ పొడి పట్టుకుని మలంలోకి పంపేస్తుంది. పొద్దున పరగడుపున థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్లు ఈ పొడిని మధ్యాహ్నం అన్నానికి జరుపుకోవాలి. వారం, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. మలబద్ధకం వస్తే మోతాదు తగ్గించాలి. నెలల తరబడి వాడితే ఏ, డి, ఈ, కే విటమిన్లు చూసుకోవాలి.

తిండిలో ఒకేసారి బగారా అన్నం, తునకల కూర, పైన డబల్ కా మీఠా తినే పెళ్లి భోజనం వద్దు. అదే నూనెను మూడు పూటలకు పంచితే అంత ఇబ్బంది ఉండదు. సకినాలు తినాలనిపిస్తే రెండు తినండి, గిన్నెడు కాదు.

పసిబిడ్డ మలం తెల్లగా ఉంటే

పుట్టిన బిడ్డకు వచ్చే కామెర్లు చాలావరకు వారం, పది రోజుల్లో పోతాయి. 14 రోజులు దాటినా కళ్లు పచ్చగా ఉంటే టోటల్ బిలిరుబిన్ ఒక్కటి చాలదు, డైరెక్ట్ బిలిరుబిన్ కూడా చేయించాలి. అది డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే పసరు గొట్టాలు మూసుకున్నాయేమోనని వెంటనే చూడాలి. ఎండలో పడుకోబెట్టడం దీనికి పనిచేయదు. తల్లిపాల వల్ల వచ్చే మామూలు కామెర్లలో మలం పసుపు పచ్చగానే ఉంటుంది. గొట్టాలు మూసుకుంటే మలం సుద్ద ముక్కలా, బూడిద రంగులో ఉంటుంది, ఎందుకంటే పసరు పేగులోకి రావట్లేదు. పసిబిడ్డ మూత్రం నీళ్లలా ఉండాలి. తెల్ల గుడ్డకు పసుపు మరక అంటితే అది రెండో గుర్తు. బిడ్డ పాలు తాగుతూ, ఆడుతూ, బొద్దుగా ఉండటం చూసి మోసపోతారు. గొట్టాలు లేని బిడ్డకు చేసే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల లోపు అయితేనే పసరు పారే అవకాశం ఎక్కువ. పరీక్షలకే రెండు వారాలు పడుతుంది కాబట్టి నెల లోపే పిల్లల సర్జరీ ఉన్న దవాఖానకు చేరాలి.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు మలం ఉన్న గుడ్డను కవర్‌లో కట్టి తీసుకుపోండి, ఉతికేయకండి. వరుసగా మూడు రోజులు, కిటికీ పక్కన పగటి వెలుతురులో, ట్యూబులైటు కింద కాకుండా, ఫోన్‌తో ఫోటో తీసి తారీఖుతో ఉంచండి. ట్యూబులైటు వెలుగులో పాలిపోయిన రంగు కూడా పసుపుగా కనబడుతుంది.